నూట ఇరవైయేడు తర్వాత మళ్ళీ లాభం

సోమవారం పొద్దున్న పోలారావు మూడు పనులు పెట్టుకున్నాడు. టెక్కలి వెళ్ళి కంప్యూటర్ బాగుచేయించడం, వచ్చేదారిలో పెళ్ళికి అరటాకులు పురమాయించడం, భోజనం వేళకి ఇల్లు చేరడం. మూడింట్లోనూ కష్టమైనది అరటాకుల పనేనని అనుకున్నాడు.

పోలారావు ఉద్దానంలో జీడిపిక్కలు కొంటాడు. సముద్రానికి రెండు మైళ్ళు ఇవతలున్న వాళ్ళ పల్లెలో ఎవరి తోటలో పిక్క రాలినా అది ఆయన కళ్ళంలో కాటా ఎక్కాలి, ఎనభై కేజీల బస్తాలో పడాలి, పలాస ఫ్యాక్టరీకి వెళ్ళాలి. బస్తాలు వ్యానెక్కుతుంటే ఆయనే పక్కన నిలబడి లెక్కపెడతాడు. మొదటి బస్తాని ఒకటి అనడు. కొలిచే చోట ఒకటి అనకూడదు, లాభం అనాలి. అందుకని లాభం, రెండు, మూడు అంటూ రాగం తీస్తాడు. నలభై ఏళ్ళలో ఆయన లెక్క తప్పగా చూసినవాళ్ళు లేరు. కాటా మీద నమ్మకంతో కాదు, ఆ గొంతు మీద నమ్మకంతో రైతులు బస్తాలు తెచ్చేవారు.

ఇంట్లో ఉన్న కంప్యూటర్ కూడా ఆయన తూచి తెచ్చినదే. పలాసలో ఒక ఇంటర్నెట్ సెంటర్ మూసేస్తుంటే ఇరవయ్యేళ్ళ కిందట వాడిన సరుకుగా కొన్నాడు. ఇప్పుడది ఒక్క పనికే ఉంది. కూతురు వసంత పెళ్ళి సీడీ గీతలు పడి పోకముందే ఆ వీడియో అందులోకి ఎక్కించారు. ఆ వీడియో చివర్లో, వసంతని హరిశ్చంద్రపురం అత్తవారింటికి పంపించేటప్పుడు, పోలారావు భార్య కామాక్షి తల్లి అప్పగింతల పాట పాడుతుంది. ఆ పాట ఆవిడ అప్పటికప్పుడు కట్టినది. ఆ తర్వాతి ఏడాది ఆవిడ పోయింది. ఫొటోలు నాలుగున్నాయి గానీ గొంతు ఉన్నది అక్కడొక్కచోటే.

కామాక్షి ఆ వీడియోని కనీసం రెండు వందలసార్లు చూసి ఉంటుంది. అయినా పాట ఆవిడకి రాదు. మొదటి చరణం బాగానే వింటుంది. రెండో చరణంలో "రెండు కళ్ళా నీరు" అనే మాట రాగానే కొంగు నోట్లో కుక్కుకుంటుంది. మళ్ళీ తేరుకునేసరికి పెళ్ళికూతురి కారు వెళ్ళిపోయి ఉంటుంది, ఖాళీ వాకిట్లో ఎవరో కుర్చీలు మడతపెడుతుంటారు. ఆ రోజు పెళ్ళిలో విన్న ఆడవాళ్ళందరి సంగతీ అంతే. రెండో చరణం తర్వాత ఎవరి ఏడుపు వాళ్ళది. అందరూ ఏడ్చారు కాబట్టి ఎవరికీ రాదు.

ఏడవనిది పోలారావు ఒక్కడే. కూతుర్ని పంపుతూ సారె బిందెలు వ్యాన్లోకి ఎక్కించి లెక్కపెట్టుకుంటూ నిలబడ్డాడు. వీడియోలో ఆయన వీపు కనిపిస్తుంది. ఇరవైరెండేళ్ళుగా కామాక్షి ఆ వీపుని క్షమించలేదు.

ఇప్పుడు వసంత కూతురు ఇంద్రజ పెళ్ళి. శుక్రవారం ముహూర్తం. వేడుక అమ్మమ్మ ఊళ్ళోనే జరగాలని పట్టుబట్టిన ఇంద్రజ ఇంకొకటి కూడా అడిగింది. "అమ్మమ్మా, నన్ను పంపినప్పుడు తాతమ్మ పాట నువ్వే పాడాల." కామాక్షి ముందూ వెనకా చూడకుండా మాటిచ్చేసింది. పెన్నూ కాగితం పెట్టుకుని, గుండె రాయి చేసుకుని, వీడియో చూస్తూ రాసుకుందామనుకుంది. ఆదివారం మీట నొక్కితే కంప్యూటర్ టక్ టక్ మని రెండుసార్లు దగ్గి ఊరుకుంది.

టెక్కలిలో ఢిల్లేశ్వరరావు కొట్టుకి వచ్చే కంప్యూటర్లలో సగం ఆయనకన్నా పెద్దవి. డబ్బా విప్పి, లోపలి హార్డ్ డిస్కుని చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు.

"ఇది పోతాది మావా. రేపో మాపో. లోపలున్నదంతా ఏరే దాన్లోకి మార్సీయాల."

"మార్సీ మరి."

"పెన్‌డ్రైవ్‌లో ఏసిత్తాను. టీవీకి తగిలించుకుని సూడండి."

పోలారావు ఆ పెన్‌డ్రైవ్‌ని అరచేతిలో వేసుకుని బరువు చూశాడు. "జీడిపిక్కంత నేదు. దీన్లో మా వసంత పెళ్ళి పట్టీసిందంటే మీ అత్త నమ్మదు. ఉన్నది ఉన్నట్టు ఆ డబ్బాలోనే ఉండాల."

ఢిల్లేశ్వరరావు అటక మీద వెతికి, వెడల్పు తీగతో పనిచేసే పాతకాలం డిస్కు ఒకటి దించాడు. దాని మీద నూట అరవై జీబీ అని రాసి ఉంది. దుమ్ము తుడిచి, చచ్చిపోతున్న డిస్కులోంచి బతికినంతా అందులోకి తోడాడు.

"ముందు పెళ్ళే ఏసినాను మావా, గౌరవంగా. మొదట్లోనే ఉంటాది. ఇదిగో, పాతది కూడా పట్టుకెల్లు."

"పప్పు తీసేక తొక్క ఎవుడైనా ఇంటికి మోసుకెల్తాడేటి? పలాసలో తొక్క ఫ్యాక్టరీకే ఒగ్గేత్తాం," అని పోలారావు ఆ పాత డిస్కుని బల్ల మీదే వదిలేసి వచ్చాడు. జీడి వ్యాపారంలో అది ధర్మం. అరటాకుల మాట దారిలో గుర్తుకొచ్చింది గానీ అప్పటికి ఆకుల కొట్టు దాటిపోయాడు.

ఇంటికి రాగానే కామాక్షి అడిగిన మొదటి మాట, "పాతదేదండీ?"

తొక్క సంగతి చెప్పాడు.

"నాకేటో బయంగా ఉంది. బస్తా అమ్మినా మచ్చుకని గుప్పెడు పిక్కలు తీసి దాస్తారు గదా. దీనికి మచ్చేదీ?"

"పెళ్ళికి మచ్చేటే," అన్నాడు పోలారావు, మీట నొక్కుతూ.

కంప్యూటర్ తెరుచుకుంది. వీడియో వచ్చింది. కామాక్షి తల్లి, సన్నగా, గట్టిగా, వాకిట్లో నిలబడి గొంతెత్తింది. మొదటి చరణం అయింది. రెండోది మొదలైంది. కామాక్షి కొంగు నోటికి వెళ్ళింది. కుర్చీలు మడతపెట్టే దాకా వచ్చాక ముక్కు తుడుచుకుని, "ఈయాల నా వల్ల కాదు. రేపు గట్టిగా కూకుని రాసుకుంటాను," అంది.

పోలారావు ఆ మాట వినలేదు. కళ్ళజోడు పెట్టుకుని తెర మీద ఒక మూల చూస్తున్నాడు. డిస్కు మీద నూట అరవై అని ఉంది. తెర మీద నూట ఇరవైయేడు అని ఉంది. వేళ్ళ మీద లెక్కపెట్టాడు. ముప్పై మూడు తక్కువ.

"పాట ఉంది గదా, సాలదేటి?" అంది కామాక్షి.

"పాట ఉన్నాది. తూకం నేదు," అన్నాడు. ఆ రాత్రి అన్నం సరిగ్గా తినలేదు. ఉద్దానం మొత్తానికి తూకం చెప్పే మనిషికి టెక్కలిలో బస్తాకి అయిదో వంతు కోత పడిందని తెలిస్తే కళ్ళంలో ఎవడు నిలబడతాడు?

మంగళవారం పొద్దున్నే డబ్బా ఒళ్ళో పెట్టుకుని మళ్ళీ టెక్కలి బయల్దేరాడు. ఢిల్లేశ్వరరావు డిస్కుని తన కొత్త కంప్యూటర్‌కి తగిలించి చూపించాడు. తెర మీద నూట ఇరవైయేడు తెల్లగా ఉంది. దాని పక్కన నల్లటి పట్టీ ఒకటి, ఇరవైరెండు అని రాసి ఉంది.

"సూడు మావా. అంతా కలిపి నూట నలభైతొమ్మిది. ఎవుడూ ఏటీ తియ్యలేదు."

"నూట అరవై గదా."

"అమ్మినోడు వెయ్యికే వెయ్యి అనుకుంటాడు. కంప్యూటర్ వెయ్యిన్నీ ఇరవైనాలుగు పడితే గానీ వెయ్యి అని ఒప్పుకోదు. ఆ తేడా అది."

ఈ సంగతి పెద్ద చదువులు చదివినవాళ్ళకి కూడా రెండుసార్లు చెబితే గానీ ఎక్కదు. పోలారావుకి ఒక్కసారికే ఎక్కింది. "అలా సెప్పు. తరుగు. మా కాటా కాడా అంతే, ఎనభై కేజీల బస్తాకి పైన రెండు కేజీలు తరుగు తీత్తాం. నూట అరవైకి పదకొండు ఎక్కువే, అయినా తరుగు తరుగే. అది ఒగ్గేసినాను. ఈ నల్లటి పట్టీ ఏటి?"

"అది నానే గోడ కట్టి ఒగ్గేసినాను. నీ కంప్యూటర్ పాతది మావా. దానికి లెక్క అక్కడి దాకే వచ్చు. ఆ పైన నంబర్లు రావు. గోడ ఉంటే అటేపు ఎల్లదు, ఏ పేసీ ఉండదు."

"నా కంప్యూటర్‌కి లెక్క రాదంటావా?"

"అప్పట్లో అంత పెద్ద డిస్కులే నేవు మావా. దాని తప్పేటుంది."

"ఉద్దానంలో ఇరవైరెండు సెంట్లు గోడ కట్టి బీడు ఒగ్గేవోణ్ణి ఎక్కడైనా సూసినావా? గోడ తీసీ. అంతా ఒకటే గది సెయ్యి. నా సరుకు నాకు నిండుగా కనపడాల."

ఢిల్లేశ్వరరావు బతిమాలాడు. కొట్టు నిండా జనం ఉన్నారు. వాళ్ళలో సగంమంది పోలారావు కాటాకి పిక్కలు తెచ్చేవాళ్ళే. తూకం తక్కువ అనే మాట ఇంకోసారి పైకి వస్తే టెక్కలి అంతా పాకుతుంది. చివరికి రెండు మీటలు నొక్కాడు. గోడ పడిపోయింది. నల్లటి పట్టీ తెల్లబడింది.

"నిండిందో నేదో ఎలా తెలుస్తాది?" అన్నాడు పోలారావు.

"తెలియక్కర్లేదు మావా."

"గోనె ఎంత పడతాదో నింపితే గదా తెలిసేది."

ఆయన కదిలేట్టు లేడని గ్రహించి ఢిల్లేశ్వరరావు తన దగ్గరున్న పాత సినిమాలన్నీ అందులోకి వొంపాడు. గంటన్నర పట్టింది. నూట ఇరవై దగ్గర ఆపి చేతులు జోడించాడు. "ఇంతే మావా. ఇక్కడి నుంచి సివరి దాకా ముట్టుకోకు. దండం పెడతాను."

పోలారావు తలూపాడు. తలూపడం ఒప్పుకోవడం కాదని ఢిల్లేశ్వరరావుకి తెలియదు.

ఇంటికొచ్చేసరికి కామాక్షి బల్ల దగ్గర కాగితం, రెండు పెన్నులు పెట్టుకుని కూర్చుని ఉంది. ఒక పెన్ను ఆగిపోతే ఇంకోటి ఉండాలని. కంప్యూటర్ ఈసారి బుద్ధిగా నూట నలభైతొమ్మిది చూపించింది.

"ఐదు నిమిషాలాగే. తూకం ఒక్కసారి సూసుకుంటాను."

"నాను అన్నం వార్చి వత్తాను. నా పాట జోలికెల్లకండి," అంది కామాక్షి.

పోలారావు ప్రతి లోడుకీ బస్తాలెక్కే దృశ్యం ఫోన్‌లో తీసి ఉంచుకుంటాడు, రేపు ఫ్యాక్టరీవాడు మాట మారిస్తే చూపించడానికి. మూడేళ్ళ కాపు వీడియోలున్నాయి. ఫోన్‌లోని మెమరీ కార్డు తీసి కంప్యూటర్‌కి పెట్టి, అన్నీ డిస్కులోకి పంపాడు. నూట ఇరవైమూడు. నూట ఇరవైఅయిదు. నూట ఇరవైయేడు. ఏమీ కాలేదు. ఢిల్లేశుగాడి పిరికితనానికి నవ్వుకున్నాడు. నూట ఇరవైఎనిమిది.

కామాక్షి చెయ్యి తుడుచుకుంటూ వచ్చేసరికి ఆయన నవ్వడం లేదు. తెర మీద ఇంగ్లీషులో రెండు లైన్లు, కింద రెండు గడులు.

"ఏటంటంది?"

"ఈ డిస్కు ఇంకా తయారు సెయ్యలేదు, ఇప్పుడు సెయ్యమంటావా అని అడుగుతంది."

"మరి లోపలున్న మా అమ్మ?"

"ఆ సంగతేటీ అన్లేదు."

కామాక్షి వద్దని నొక్కమంది. ప్రశ్న ఎవరడిగినా ముందు వద్దనడం ఆవిడ అలవాటు, ఆ ఒక్క అలవాటు వల్లే మిగతా సినిమాలు బతికాయని తర్వాత తెలిసింది. అప్పుడు మాత్రం అన్నం గిన్నె మీద మూత కూడా పెట్టకుండా అక్కడే కూలబడింది. వెళ్ళిపోయిన మనిషి ఇంకోసారి వెళ్ళిపోతుందని ఆవిడ ఎన్నడూ అనుకోలేదు.

బుధవారం పొద్దున్న డబ్బాతోపాటు కామాక్షి కూడా వ్యానెక్కింది. ఢిల్లేశ్వరరావు మూడు గంటలసేపు డిస్కులో వెతికాడు. సినిమాలు దాదాపు అన్నీ దొరికాయి. పెళ్ళి దొరకలేదు.

"పాటొక్కటే ఎలా పోతాది బాబూ?" అంది కామాక్షి.

ఢిల్లేశ్వరరావు పోలారావు వైపు తిరిగాడు. "మావా, నీ కంప్యూటర్ని కళ్ళంలో కూలోడనుకో. వోడికి నూట ఇరవైయేడు దాకే లెక్క వచ్చు. ఆ పై బస్తా ఎత్తుకొచ్చినాడు. నంబర్లు అయిపోనాయి. ఏటంటాడు?"

పోలారావు వేళ్ళ మీద లెక్కపెట్టి చూశాడు. "మళ్ళీ లాభం అంటాడు."

"అని ఆ బస్తా ఎక్కడ దించుతాడు?"

"మొదటి బస్తా ఉన్న కాడ."

"మొదటి బస్తా ఏటి?"

కామాక్షి మొగుడి వైపు తిరిగింది. "ముందు పెళ్ళే ఏసినాను మావా, గౌరవంగా," అన్నాడు ఢిల్లేశ్వరరావు, ఈసారి మెల్లిగా.

కామాక్షి కొంగు ముడి వేసుకుని లేచింది. "పాత డిస్కు ఏదీ?"

పాత డిస్కు పాత సామాన్ల బండికి వెళ్ళిపోయింది. బండి నౌపడ జగదీశ్వరరావుది. ఢిల్లేశ్వరరావు కొట్టు మూసి, తప్పు తనదో కాదో తేలక, వ్యాన్ వెనక ఎక్కి కూర్చున్నాడు.

నౌపడలో ఉప్పుమడులు దాటాక రోడ్డు పక్కన జగదీశ్వరరావు దుకాణం. సంగతి విని ఆయన ఎంతో మర్యాదగా లోపలికి వెళ్ళి, మేకుకి అంటుకుని ఉన్న చిన్న అయస్కాంతం తెచ్చి కామాక్షి చేతిలో పెట్టాడు. "ఇదేనమ్మా మీ డిస్కు. ఇప్పీసినాను. అయస్కాంతం గట్టిది."

"మిగతాది?"

"రేకు రేకుల్లో పోనాది. లోపల అద్దంలాటి గుండ్రం బిళ్ళొకటుంది. అది భావనపాడు దేవి అడిగి పట్టుకెల్లిపోనాది. ఎండుసేపల మీద కాకులు వాలతన్నాయంట."

"ఆ బిళ్ళలోనే ఉంటాది అత్తా, అంతా," అన్నాడు ఢిల్లేశ్వరరావు. అనకుండా ఉండాల్సిందని వెంటనే అనిపించింది. అప్పటికే కామాక్షి వ్యానెక్కేసింది.

భావనపాడులో పడవలు ఒడ్డుకొచ్చి ఉన్నాయి. ఇసక మీద వలలు పరిచి చేపలు ఎండబెట్టారు. అన్ని వలల మీదా కాకులున్నాయి, ఒక్క వల మీద తప్ప. ఆ వల మధ్యలో పాతిన కర్రకి దారం కట్టి, గుండ్రటి వెండి బిళ్ళ వేలాడుతోంది. గాలికి గిర్రున తిరిగి ఆగుతోంది, మళ్ళీ తిరుగుతోంది. కర్ర పక్కన దేవి నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉంది.

"అది మాది," అంది కామాక్షి.

"నిన్నటి నుంచి ఒక్క కాకి వాలలేదు. ఇయ్యనమ్మా," అంది దేవి.

"దాన్లో మా అమ్మ ఉంది."

దేవి నడుం మీద చేతులు తీసేసింది. బిళ్ళ వైపు చూసింది, చేపల వైపు చూసింది, కాకుల వైపు చూసింది. "సచ్చిపోయినావిడా?"

"ఇరవయ్యొక్క ఏళ్ళయింది."

"ఓలమ్మ. అందుకేనేటి కాకి దగ్గరికి రాదు. ఆవిడికేటో తీరని కోరిక ఉండిపోనాదమ్మా." దేవి గబగబా దారం విప్పి, బిళ్ళని రెండు చేతులతో కళ్ళకద్దుకుని కామాక్షికి ఇచ్చింది. "బతికున్నప్పుడు గట్టి మనిషేటి?"

"గొంతెత్తితే కాకులే కాదు, మనుసులం కూడా ఆ సాయలకి ఎల్లేవోలం కాదు," అన్నాడు పోలారావు.

ఢిల్లేశ్వరరావు బిళ్ళని అంచులు పట్టుకుని ఎండకి పెట్టి చూశాడు. దాని నిండా వేలిముద్రలు, ఉప్పు, ఒకచోట చేప పొలుసు. తలడ్డంగా ఊపాడు. ఇంకెక్కడికి పట్టుకెళ్ళినా లాభం లేదని చెప్పడానికి నోరు తెరిచి, ఆ లాభం అనే మాట నోట్లోనే ఆపుకున్నాడు.

కామాక్షి పడవ నీడలో కూర్చుంది. బిళ్ళలో ఆవిడ మొహమే కనిపిస్తోంది. "ఎల్లుండి పిల్ల కారెక్కుతాది. నా కేసి సూత్తాది. నాను ఏటి పాడాల?" అంది, ఎవరినీ అడగకుండా. "మొదటి సరణం పాడి ఊరుకోవాల. నూతిలో సగం దింపిన సేదలాగ."

పోలారావు కాసేపు ఇసకని కాలితో గీశాడు. తర్వాత సముద్రం వైపు తిరిగి నిలబడి, బస్తాలు లెక్కపెట్టే గొంతుతో, ఏ రాగద్వేషమూ లేకుండా మొదలుపెట్టాడు.

"లాభమే లాభమని కొలిసేడు మీ నాన్న
కొలిసిన లాభమంతా పరులకిచ్చేడు
రెండులే రెండని కొలిసేడు మీ నాన్న
రెండు కళ్ళా నీరు అమ్మకే మిగిలినాది"

కామాక్షి కొంగు అలవాటుగా నోటి దాకా వెళ్ళింది. కానీ ఆశ్చర్యానికి సగంలో ఆగింది.

"మూడులే మూడని కొలిసేడు మీ నాన్న
మూడు ముళ్ళకి తూకంరాయి ఏడా దొరకలేదు
నాలుగని అనబోయి నీ మొగం సూసేడు
లెక్క తప్పి లాభమని మళ్ళి మొదలెట్టేడు"

అలలు వచ్చి వెళ్ళాయి. దేవి ముక్కు చీదింది. ఢిల్లేశ్వరరావు పడవ అవతలకి వెళ్ళి నిలబడ్డాడు.

"ఇదంతా మీకెలా వచ్చు?" అంది కామాక్షి.

"ఆ రోజు నానొక్కణ్ణే ఏడవలేదు గదేటి. ఏడిస్తే పాట ఎలా ఇనపడతాది?"

"ఆ సివరి మాట..."

పోలారావు ఇంకా సముద్రం వైపే చూస్తున్నాడు. "సారె బిందెలు అయిదు. నాలుగోది ఎత్తతంటే వసంత ఇటు తిరిగి సూసింది. నాలుగు అనాల. నోట్లోంచి లాభం అని వచ్చింది. మీ అమ్మ పక్కనే పాడతంది. ఇనీసింది. అప్పటికప్పుడే పాటలో ఎట్టీసింది."

"ఇరవైరెండేళ్ళు నాకు సెప్పలేదేటి?"

"లెక్క తప్పినానని నా నోటితో నానే సెప్పుకోవాలా? నా లెక్క నమ్మి బస్తాలు తెచ్చేవోలు ఏటనుకుంటారు? రెండో సరణం కాడ మీరందరూ ఏడుపెత్తుకునేవోరు. సివరి దాకా ఎవులూ ఇనరు గదాని దైర్నంగా ఉండేవోణ్ణి."

కామాక్షికి ఒక అనుమానం వచ్చింది. "అందుకేనా పాతది టెక్కలిలో ఒగ్గేసి వచ్చేరు?"

"నీ మీద ఒట్టు, అది తొక్కనే అనుకున్నాను," అన్నాడు పోలారావు. ఆయన మొహం చూసి కామాక్షి నమ్మింది. వాళ్ళమ్మ పాట సగం వరకూ కామాక్షి పక్షం. మిగతా సగం ఆ వీపు పక్షం. ఆ సగం వినడానికి ఆవిడకి ఇన్నేళ్ళు పట్టింది.

వెండి బిళ్ళ దేవికే తిరిగి ఇచ్చేసింది. "ఉంచుకో. మా అమ్మకి పని ఉంటేనే బాగుంటాది," అంది.

గురువారం అంతా పాట నేర్చుకోవడంతోనే సరిపోయింది. పోలారావు చెప్పాడు, కామాక్షి రాసుకోబోయింది. రెండో చరణం దగ్గర అక్షరాలు కనిపించలేదు. హరిశ్చంద్రపురం నుంచి వచ్చిన వసంత, "నాకియ్యి, నాను రాత్తాను," అని కాగితం లాక్కుంది. చివరి రెండు చరణాలూ తెలిశాక ఆ కాగితం మీద తడి తప్ప ఏమీ మిగల్లేదు. చుట్టుపక్కల ఆడవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి ఒక్కొక్కరే కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళారు. సాయంత్రానికి అందరికీ ఒక సంగతి అర్థమైంది. ఈ పాట చివరి దాకా వెళ్ళగలిగిన మనిషి ఊళ్ళో ఒక్కడే ఉన్నాడు.

"మొగోడు అప్పగింతల పాట పాడతాడేటి?" అన్నాడు పోలారావు.

"పాట అనుకోకండి. బస్తాలు లెక్కెడతన్నాననుకోండి," అంది కామాక్షి.

శుక్రవారం ముహూర్తం బాగా జరిగింది. అరటాకులు ఎవరికీ గుర్తుకు రాలేదు గనక భోజనాలు కాగితం విస్తళ్ళలో అయ్యాయి. ఎండ వాలాక ఇంద్రజని కారు దగ్గరికి తీసుకొచ్చారు. ఒకదాన్లో పోతే ఇంకోదాన్లో ఉంటుందని ఢిల్లేశ్వరరావు ఏడు ఫోన్లు ఏడు చోట్ల నిలబెట్టాడు. ఒక్కొక్కదాన్లో ఎంత జాగా ఉందో ముందే చూసుకున్నాడు. ఆయన ఈసారి దేన్నీ నమ్మదలచుకోలేదు.

పోలారావు సారె బిందెల పక్కన నిలబడ్డాడు, అలవాటైన చోటు కాబట్టి. గొంతు సవరించుకున్నాడు. లాభమే లాభమని ఎత్తుకున్నాడు. కళ్ళంలో నలభై ఏళ్ళు పలికిన గొంతు, ఎక్కడా వణకలేదు. మొదటి చరణం పూర్తయింది. రెండులే రెండని అన్నాడు. అప్పుడు ఇంద్రజ ఇటు తిరిగి చూసింది.

ఇరవైరెండేళ్ళుగా ఆగినదంతా ఒక్కసారి వచ్చింది. పాట ఆపలేదు, చివరి దాకా పాడాడు, లెక్క తప్పే మాట కూడా పాడాడు. కానీ అందులో ఏది మాటో ఏది ఏడుపో ఆయన పక్కనే నిలబడిన కామాక్షికి కూడా తెలియలేదు, ఎందుకంటే ఆవిడా అదే పనిలో ఉంది. వసంత, చుట్టాలు, వంటవాళ్ళు, కారు డ్రైవరు అందరూ కళ్ళు తుడుచుకున్నారు. ఢిల్లేశ్వరరావు తర్వాత ఏడు ఫోన్లూ పెట్టి విన్నాడు. వీడియోలు ఏడూ పూర్తిగా ఉన్నాయి. ఏడింట్లోనూ రెండో చరణం దాటాక పోలారావు ఏడుపు తప్ప ఇంకేమీ వినబడదు.

ఇంద్రజ మాత్రం తాత నోటికేసి రెప్ప వెయ్యకుండా చూస్తూ, ఒక్కొక్క మాటకీ తన పెదవులు కూడా కదుపుతూ, పాట చివరి దాకా విని, నెమ్మదిగా కారెక్కింది.

ఆ పిల్ల కంట ఒక్క చుక్క రాలేదని, అచ్చం తాత పోలికేనని, ఉద్దానంలో ఇప్పటికీ చెప్పుకుంటున్నారు.